సవినయం లేని అఫిడవిట్

తొంభై ఒక్క శాతం అని చూశాక ఇంకా శాంతం ఎక్కడిది?

సోమవారం పొద్దున పదిన్నరకి, ఆబిడ్స్ చిరాగ్ అలీ లేన్‌లో మూడో అంతస్తు మీదున్న వాగ్విలాస విద్యాపీఠం తెలుగు శాఖలో కూర్చుని కోదండరామయ్య గారు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివారు. కళ్లద్దాలు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి, తుడుచుకుని మళ్లీ ఒకసారి. అంకె మారలేదు.

'మీ పర్యవేక్షణలోని పరిశోధక విద్యార్థిని తబిత పంపిన సిద్ధాంత గ్రంథంలో 91 శాతం కృత్రిమ మేధ రాసినదిగా మా సాఫ్ట్‌వేర్ తేల్చినది. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలలోగా తగిన సంజాయిషీ అందనిచో రిజిస్ట్రేషన్ రద్దగును.' కింద డీన్ అమరేశ్వరరావు గారి సంతకం.

సిద్ధాంతం అంటే ఇదేనేమో. సిద్ధమయ్యేసరికి అంతం!

శుక్రవారమంటే మామూలు శుక్రవారం కాదు. తబితకి ఇచ్చిన ఆరేళ్ల గడువులో ఆఖరి రోజు. పొడిగింపులు రెండూ అయిపోయాయి. ఆ నాలుగు గంటలు దాటితే ఆరేళ్ల చదువూ మూసీలో కలిసినట్టే.

కోదండరామయ్య గారికి యాభై తొమ్మిదేళ్లు. తండ్రి పంతొమ్మిది వందల యాభై ఆరులో తెనాలి నుంచి సెక్రటేరియట్ గుమాస్తాగా వచ్చి కాచిగూడలో కిరాయికి దిగారు. ఆయన ఫైళ్లు దిద్దారు, ఈయన పిల్లల్ని దిద్దుతున్నారు. ఈయన దగ్గర పరిశోధన చేసేవాళ్లకి ఒకటే నియమం. మొదటి ప్రతి చేత్తో రాయాలి, కాగితానికి ఒక పక్కనే రాయాలి, కుడివైపు నాలుగు వేళ్ల ఖాళీ వదలాలి. ఆ ఖాళీలో ఈయన ఎర్ర ఇంకుతో కాపురం పెడతారు. పిల్లలు దాన్ని 'ఎర్రగడ్డ' అని పిలుచుకుంటారని ఆయనకి తెలుసు. తెలిసి సంతోషిస్తారు కూడా.

అలాంటి ఎర్రగడ్డలో గత జూన్‌లో కరువొచ్చింది. ఎం.ఏ. పిల్లలకి 'మా వీధి' అని వ్యాసం రాయమన్నారు. పదకొండు మంది రాశారు. ఒకడిది మంగళ్‌హాట్, ఒకమ్మాయిది జాంబాగ్, ఇంకొకడిది చార్మినార్ వెనక సందు. పదకొండు వీధులూ 'నేటి వేగవంతమైన ప్రపంచంలో' మొదలయ్యాయి, పదకొండూ 'సాంస్కృతిక వైవిధ్యానికి నిలువుటద్దం' పట్టాయి, పదకొండూ 'ముగింపుగా చెప్పాలంటే' అని ముగిశాయి. ఒక్క వీధిలో కుక్క లేదు, మోరీ లేదు, పొరుగింటాయనతో తగాదా లేదు. ఒక్క అక్షర దోషమూ లేదు. ఎర్ర పెన్ను పట్టుకుని గంటసేపు కూర్చున్నారు. పెట్టడానికి ఒక్క గీతా దొరకలేదు. ఇంకు పెన్నులోనే ఇంకిపోయింది.

"ఇలాగైతే నేను మాస్టర్నా, వాచ్‌మన్నా?" అని స్టాఫ్ రూమ్ దద్దరిల్లేలా అరిచారు. అందుకే, యంత్రం రాసినదాన్ని పట్టుకునే సాఫ్ట్‌వేర్ కొందామని డీన్ గారు మీటింగులో అన్నప్పుడు మొట్టమొదట లేచిన చెయ్యి ఈయనదే. ఆ చెయ్యే ఇప్పుడీ కాగితం పట్టుకుంది.

పన్నెండు గంటలకి తబిత వచ్చింది. మెదక్ మిషన్ కాంపౌండులో పుట్టిన పిల్ల, సికింద్రాబాద్‌లో పెరిగింది. నాంపల్లి కోర్టుల ముందు ఫుట్‌పాత్ మీద టైపు మిషన్లు పెట్టుకుని జనానికి అర్జీలు రాసిపెట్టేవాళ్ల భాష మీద పరిశోధన చేసింది. రెండేళ్లు వాళ్ల బెంచీల మీదే కూర్చుంది. తబ్బిబ్బై ఏడుస్తుందేమోనని కోదండరామయ్య గారు మంచినీళ్ల గ్లాసు సిద్ధంగా పెట్టుకున్నారు. ఆమె ఏడవలేదు.

"పేపర్ చూసిన్రా సార్?"

"చూశానమ్మా. కూర్చో." ఆయన గొంతు సవరించుకున్నారు. "నేనేమీ అనను. ఒక్క మాట నిజం చెప్పు. ఎక్కడైనా... ఆఖర్లో టైము లేక... కొంచెం దాని సాయం తీసుకున్నావా?"

తబిత కూర్చోబోయినదల్లా ఆగింది.

"మూడో అధ్యాయం ఎన్నిసార్లు దిద్దిన్రు సార్?"

"ఏడుసార్లు."

"ఏడుసార్లు మీరే దిద్దినంక గూడ మీకు డౌటా? గట్లయితే ఆ తొంభై ఒకటి మీరే సార్. నేను తొమ్మిదే."

భుజానున్న సంచీ తీసి బల్ల మీద దభీమని పెట్టింది. లోపల చేత్తో రాసిన ఏడెనిమిది వందల కాగితాలు, అన్నిటికీ కుడిపక్క ఎర్ర కాపురాలు.

"చూసుకోండి. మీ రాతే, మీకు తెల్వకుంటే ఎట్ల?" అని వెళ్లిపోయింది. మంచినీళ్లు ఆయనే తాగారు.

మర్నాడు పొద్దున్నే ఆ సంచీ మోసుకుని రిసెర్చ్ సెక్షన్‌కి వెళ్లారు. అక్కడ గుమాస్తా జమున. కంప్యూటర్ పక్కన టిఫిన్ డబ్బా, దాని పక్కన రబ్బరు స్టాంపులు.

"జమునా, ఈ శాతాలు ఎలా తేలుస్తారమ్మా? నాకు ఒక్కసారి చూపించు."

"మస్తు ఈజీ సార్." జమున కుర్చీ జరిపి చోటిచ్చింది. "కాకపోతే దానికి తెలుగు రాదు. తెలుగు ఏస్తే భాష గుర్తువట్టలే అని ఎర్రగ వస్తది. అందుకని ముందుగాల ఇంగ్లీషు చేస్తం."

"ఎవరు చేస్తారు? ఎవరైనా అనువాదకులున్నారా?"

"అనువాదకులేంది సార్! గదే చేస్తది. గీడ తెలుగు ఏస్తే గాడ ఇంగ్లీషు పడ్తది. మూడొందల పేజీలు సార్, చాయ్ తాగొచ్చేలోపు అయిపోతది. ఆ ఇంగ్లీషు తీస్కపోయి మన సాఫ్ట్‌వేర్ల ఏస్తం. అది పర్సెంటేజీ చెప్తది."

కోదండరామయ్య గారు సంచీ కింద పెట్టారు. మెల్లగా, పసిపిల్లని పడుకోబెట్టినట్టు.

"జమునా. నేను సరిగ్గా విన్నానో లేదో చెప్పు. యంత్రం చేసిన ఇంగ్లీషుని యంత్రానికి చూపించి, ఇది యంత్రం రాసిందా అని అడుగుతున్నారు."

"ఔ సార్," అంది జమున. తర్వాత చెయ్యి నోటి మీదికి వెళ్లింది. "అయ్యో!"

"ఇలా ఎంతమందికి చేశారు?"

"తెలుగోళ్లందరికి గిట్లనే సార్. హిందీ వాళ్లకు గూడ. ఇప్పటికి పదిహేడు మందికి నోటీసులు పోయినయి. ఎవ్వరికీ ఎనభైకి తక్కువ రాలే. డీన్ సార్ అంటుండె, భాషల డిపార్ట్‌మెంట్లల్లనే దొంగలు ఎక్కువున్నరని."

అనువాదం చేసి అనుమానం పుట్టించారు. అనుమానం పుట్టించి అవమానం చేశారు. కోదండరామయ్య గారికి మామూలుగా అయితే ఇలాంటి మాటలు దొర్లుతున్నకొద్దీ కోపం తగ్గుతుంది. ఇవాళ ఒక్కో మాటకీ ఒక్కో మెట్టు ఎక్కింది. ఆ కోపంలో సగం డీన్ మీదే. మిగతా సగం ఎవరి మీదో ఆయనకి తెలుసు. 'నిజం చెప్పు' అని ఆ పిల్లని అడిగిన నోరు తనదేగా.

డీన్ గారి గది మెట్ల పక్కనే. అమరేశ్వరరావు గారు మేనేజ్‌మెంట్ శాఖ నుంచి వచ్చినాయన, ప్రతిదీ మేనేజ్ చేస్తారు. అంతా విని, పెన్ను తిప్పుతూ నవ్వారు.

"రామయ్య గారూ, వెండర్ యాక్యురసీ నైంటీ ఎయిట్ పర్సెంట్ అని రాసిచ్చాడండీ."

"తెలుగుకా?"

"ఇన్ జనరల్."

"ఆ జనరల్ మిలిటరీలో ఉంటాడు సార్, తెలుగులో ఉండడు! మా పిల్ల తెలుగులో రాసింది. మీరు కొలిచింది ఇంకెవరో రాసిన ఇంగ్లీషుని. నా రక్తం పరీక్షకి ఇస్తే పక్కవాడి చక్కెర రిపోర్టు చేతిలో పెడితే ఎలా సార్?"

"కోపం వద్దు. ఈజీ సొల్యూషన్ చెప్తా." డీన్ గారు గొంతు తగ్గించారు. "ఆ అమ్మాయి రాత మరీ పాలిష్డ్‌గా ఉంది. అక్కడక్కడా రెండు మూడు తప్పులు పెట్టించండి. వాక్యాలు కాస్త విరగ్గొట్టండి. హ్యూమన్‌గా ఉంటుంది. స్కోరు ఇరవైకి దిగితే నేను కళ్లు మూసుకుని సంతకం పెడతా."

కోదండరామయ్య గారు లేచారు. కుర్చీ వెనక్కి పడింది.

"ముప్పై ఏళ్లుగా తప్పులు తీసినందుకు జీతమిచ్చారు. ఇప్పుడు తప్పులు పెట్టమంటున్నారా? ఏడుసార్లు దిద్దాను సార్ ఆ పిల్లని! ఒక్కో వాక్యం కోసం ఎండలో నాంపల్లి తిప్పాను. ఆ తెలుగు అంత శుభ్రంగా ఉందంటే అది ఆమె నేరమా? మనిషన్నవాడు తప్పుగానే రాయాలా? మీరు కళ్లు మూసుకుని సంతకం పెట్టారు కాబట్టే పదిహేడు మంది కళ్లు తేలేశారు!"

వరండాలో జనం పోగయ్యారు. డీన్ గారి నవ్వు ఆరిపోయింది. "అరవకండి. మీ దగ్గర ప్రూఫ్ ఉంటే గురువారం కమిటీ ముందు పెట్టండి. చేతిరాత కాగితాలు నడవవు, యంత్రం చెప్పింది చూసి ఎవరైనా చేత్తో ఎక్కించుకోవచ్చు. ఇండిపెండెంట్ ప్రూఫ్ కావాలి."

"పెడతాను," అన్నారు కోదండరామయ్య గారు. ఏం పెడతారో ఆ క్షణానికి ఆయనకే తెలియదు.

చెప్పింది తబిత. బుధవారం కోదండరామయ్య గారు ఆమెకి ఫోన్ చేసి, ముందు క్షమించమని అడిగి, తర్వాత జమున చెప్పిందంతా చెప్పారు. క్షమాపణని ఆమె దాటేసింది. మిగతాది మటుకు రెండుసార్లు చెప్పించుకుని వింది. అంతా విన్నాక, "రాంచందర్ తాతను తీస్కపోదాం సార్," అంది.

రాంచందర్ నాంపల్లి కోర్టుల ముందు నలభై రెండేళ్లుగా టైపు కొడుతున్నారు. తబిత మూడో అధ్యాయమంతా ఆయన మీదే. కచ్చితంగా చెప్పాలంటే ఆయన కొట్టే ఒక్క వాక్యం మీద. 'సవినయంగా మనవి చేసుకునేదేమనగా.' రేషన్ కార్డు అర్జీ అయినా, కొడుకు మీద ఫిర్యాదు అయినా, కిరాయిదారుని ఇల్లు ఖాళీ చేయమనే నోటీసు అయినా, ఆఖరికి అఫిడవిట్ అయినా రాంచందర్ మొదట ఆ వాక్యమే కొడతారు. అఫిడవిట్‌లో అది అక్కర్లేదని వకీళ్లు చెప్పి చెప్పి విసిగిపోయారు. "వంగకుంటే కాయితం లోపలికి పోదు బిడ్డా," అని ఆయన తబితకి చెప్పారు. ఆ మాట గ్రంథంలో నూట పన్నెండో పేజీలో ఉంది.

గురువారం మధ్యాహ్నం ఆటోలో టైపు మిషన్ దిగింది. ఓ పక్క కోదండరామయ్య గారు, ఓ పక్క తబిత పట్టుకుని మూడంతస్తులు ఎక్కించారు. రాంచందర్ కార్బన్ కాగితాలు చంకలో పెట్టుకుని వెనకాల వచ్చారు. కమిటీలో డీన్ గారు కాక ఇద్దరు. కెమిస్ట్రీ ఆయన, ఎకనామిక్స్ ఆవిడ. జమున ఫోనుతో సిద్ధంగా నిలబడింది.

"ఏంటండీ ఇది, మ్యూజియమా?" అన్నారు డీన్ గారు.

"ఔ సార్, నేను గూడ మ్యూజియమే," అన్నారు రాంచందర్ కుర్చీ లాక్కుంటూ. "ఎవరి తరఫున రాయాలె? జర విషయం చెప్పుండ్రి."

"మీ తరఫునే రాయండి రాంచందర్ గారూ," అన్నారు కోదండరామయ్య గారు. "మీకేం కావాలో అదే."

రాంచందర్ చేతులు మిషన్ మీద ఆగిపోయాయి. నలభై రెండేళ్లలో ఎవరూ అడగని మాట. కాసేపు కిటికీ బయటికి చూసి, కొట్టడం మొదలుపెట్టారు. టకటక చప్పుడుకి పక్క క్లాసులో పాఠం ఆగింది. ఎనిమిది నిమిషాల్లో పేజీ అయింది. కోర్టుల ముందు ఫుట్‌పాత్ మీద కూర్చునే ముసలివాళ్లకి తాగడానికి ఒక నల్లా, ఎండకి ఒక రేకు వేయించమని కమిషనర్ గారికి సవినయంగా మనవి.

జమున ఫొటో తీసింది. ఫోను దాన్ని ఇంగ్లీషు చేసింది. ఇంగ్లీషు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లింది. గదిలో అందరూ తెరకేసి చూశారు.

తొంభై నాలుగు.

"ఏమంటుంది బిడ్డా?" అని రాంచందర్ అడిగారు.

"మిషన్ రాసిందంటుంది తాతా."

"మిషనే గద! డెబ్బై ఎనిమిది మోడల్."

ఎకనామిక్స్ ఆవిడ ఫక్కున నవ్వారు. కోదండరామయ్య గారు నవ్వలేదు. ముప్పై ఏళ్లలో మొదటిసారి, చేతికందిన మాటని ఆయన ఆడుకోకుండా వదిలేశారు.

"చూశారుగా సార్. మీ కళ్ల ముందు మనిషి వేళ్లు కదిలాయి. తన నీడ కోసం తను అడుక్కున్నాడు. మీ యంత్రం కాదంది. ఇప్పుడు చెప్పండి, పదిహేడు నోటీసులు వెనక్కి తీసుకుంటున్నారా?"

డీన్ గారు కెమిస్ట్రీ ఆయనకేసి చూశారు. కెమిస్ట్రీ ఆయన గడియారం కేసి చూశారు.

"ఇది ఒక్క శాంపిలే. పాలసీ ఒక్క రోజులో మారదు. తబిత కేసు స్పెషల్‌గా కన్సిడర్ చేద్దాం. నోటరీతో అఫిడవిట్ ఇవ్వమనండి. ఇది స్వయంగా రాశాను, యంత్రం వాడలేదు, అబద్ధమైతే చర్యకి బాధ్యురాలిని అని. టైటిల్ పేజీ తర్వాత బైండ్ చేయాలి. అది ఉంటే రేపు తీసుకుంటాం."

"మీరు చేసిన పొరపాటు మినిట్స్‌లో రాస్తారా?"

"మినిట్స్‌లో డిస్కషన్ రాయం. రిజల్యూషన్ రాస్తాం."

శుక్రవారం పదకొండు గంటలకి నాంపల్లి ఫుట్‌పాత్ మీద కోదండరామయ్య గారు ఇంకా మండుతూనే ఉన్నారు. వెనక మెట్రో పోతోంది, ముందు వకీళ్లు పోతున్నారు, ఈయన మటుకు రాంచందర్ బెంచీ చుట్టూ తిరుగుతున్నారు.

"వద్దు తబితా. నువ్వు సంతకం పెట్టకు. తప్పు వాళ్లది, ప్రమాణం నీదా? రేపు ఆ లైబ్రరీలో నీ పుస్తకం తెరిచినవాడు మొదటి పేజీలోనే ఇదేదో దొంగ కేసు అనుకోడూ? కోర్టుకి వెళ్దాం. ఇక్కడే ఉన్నాం, రోడ్డు దాటితే కోర్టు."

"రోడ్డు దాటేలోపు నాలుగవుతది సార్," అంది తబిత. "సంతకం పెడ్త. కానీ అఫిడవిట్ల ఏముండాల్నో చెప్పిన్రు గని, ఇంకేముండొద్దో చెప్పలే."

కోదండరామయ్య గారు తిరగడం ఆపారు.

స్టాంపు కాగితం మిషన్‌లోకి ఎక్కింది. తబిత నోరు తెరిచేలోపే రాంచందర్ వేళ్లు పరిగెత్తాయి. 'సవినయంగా మనవి చేసు...'

"తాతా, అది వద్దు."

"ఏంది బిడ్డా?"

"ఆ మాట వద్దు. తీసెయ్యండి."

"అది లేకుంటే ఎట్ల? నలభై రెండేండ్ల సంది..."

"నాకు ఎరికే. దాని మీదనే ఆరేండ్లు చదివిన. నిన్న మీరు అంత వంగి రాస్తే, మీరు మనిషే కాదన్నరు. ఇయ్యాల వద్దు."

రాంచందర్ ఆ కాగితాన్నీ, ఆమెనీ మార్చి మార్చి చూశారు. సర్రున కాగితం లాగి, మడిచి జేబులో పెట్టుకుని, ఇంకో స్టాంపు కాగితం ఎక్కించారు. "చెప్పు బిడ్డా."

తబిత చెప్పింది. తడుముకోలేదు.

'నేను, తబిత, ప్రమాణం చేసి చెప్తున్నాను. ఈ గ్రంథం నేనే రాశాను. యంత్రం వాడలేదు. యంత్రం వాడింది విద్యాపీఠం. నా తెలుగును యంత్రంతో ఇంగ్లీషు చేయించి, ఆ ఇంగ్లీషును ఇంకో యంత్రానికి చూపించి, 91 శాతం యంత్రం రాసిందని నాకు నోటీసు ఇచ్చింది. కమిటీ కళ్ల ముందు రాంచందర్ గారు టైపు చేసిన అర్జీకి 94 శాతం వచ్చింది. ఇదే పద్ధతిలో ఇంకా పదహారు మందికి నోటీసులు పోయాయి. పై సంగతులు అబద్ధమైతే చర్యకి నేను బాధ్యురాలిని. నిజమైతే బాధ్యులు ఎవరో చదివేవాళ్లు తేల్చుకోవచ్చు.'

మిషన్ ఆగింది. కోదండరామయ్య గారి చెయ్యి అలవాటుగా జేబులో ఎర్ర పెన్ను మీదికి వెళ్లింది. చదివారు. మళ్లీ చదివారు.

"ఒక మాట తగ్గింది," అన్నారు.

"ఏది సార్?"

"'నన్ను ఆరేళ్లు చదివించిన గైడు కూడా ఒక రోజు యంత్రాన్నే నమ్మారు. దాన్ని కొనమని మొదట చెయ్యెత్తింది ఆయనే.' అది కూడా కొట్టించు."

తబిత ఆయనకేసి చూసింది. సోమవారం నుంచి ఆయన కళ్లలోకి చూడడం ఇదే మొదలు.

"అది రాయాల్నా సార్?"

"నిజమేగా. రాంచందర్ గారూ, కొట్టండి."

టకటకటక. ఎర్ర పెన్ను జేబులోనే ఉండిపోయింది.

నోటరీ వకీలు చదవకుండానే ముద్ర గుద్దారు. స్టేషన్ రోడ్డులో నాలుగు జిరాక్సులు, ఆబిడ్స్‌లో బైండింగ్. మూడు నలభైకి రిసెర్చ్ సెక్షన్ కౌంటర్ మీద నాలుగు ప్రతులు పడ్డాయి. జమున మొదటి ప్రతి తెరిచింది. టైటిల్ పేజీ, తర్వాత అఫిడవిట్. చదువుతూ చదువుతూ వేలు ఆగింది.

"డీన్ సార్ చూస్తే?"

"చూడాలనే రాసింది," అంది తబిత.

"ఆయన చదవరు లేమ్మా," అన్నారు కోదండరామయ్య గారు. "యంత్రానికిచ్చి సారాంశం చెప్పమంటారు."

"గట్లయితే ముందుగాల ఇంగ్లీషు చెయ్యాలె గద సార్," అంది జమున.

జమున రబ్బరు స్టాంపు తీసింది. తారీఖు సరిచేసింది. నాలుగు ప్రతుల మీదా నాలుగుసార్లు గుద్దింది. ఆ చప్పుడుకి డీన్ గారి గది తలుపు కొంచెం తెరుచుకుని, మళ్లీ మూసుకుంది.

తర్వాత ఆమె సొరుగు లాగి, పేర్లున్న ఒక కాగితం బయటికి తీసింది. పదహారు పేర్లు, పక్కన ఫోన్ నంబర్లు.

"అక్కా," అంది తబితతో, గొంతు తగ్గించి, "వీళ్లకు గూడ గా అఫిడవిట్ జిరాక్స్ ఇయ్యొచ్చా?"

"జిరాక్స్ వద్దు," అంది తబిత. "నాంపల్లి పంపు. ఎవరిది వాళ్లే చెప్పి కొట్టించుకుంటరు."